గ్రెయిన్ సైజు 10.4 అని రాసిన రోజు

రిపోర్టు ప్రింటు తీసి సార్ టేబుల్ మీద పెట్టాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "పది పాయింట్ నాలుగా?" అన్నారు. "అవును సార్, సాఫ్ట్‌వేర్‌తో తీశాను" అన్నాను, సాఫ్ట్‌వేర్ అన్న మాటను కాస్త ఒత్తి మరీ. ఆయన మారు మాట్లాడలేదు. లేచి మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లి, ఐపీస్‌లోంచి అర నిమిషం చూసి, గోడకున్న చార్టు వైపు ఓసారి చూసి, "నాకైతే ఎనిమిదిలా ఉందమ్మా" అని టీకి వెళ్లిపోయారు.

నాకు చురుక్కుమంది. రెండు రోజులు కూర్చుని తీసిన అంకె అది. ఆయనది అర నిమిషం.

మాది జీడిమెట్లలో చిన్న టెస్టింగ్ ల్యాబ్. హార్డ్‌నెస్ (గట్టితనం), టెన్సైల్ (లాగి చూసే బలం), మైక్రో (మైక్రోస్కోపు పరీక్ష), ఇవే మా రోజువారీ పని. గ్రెయిన్ అంటే లోహంలోని ఒక్కో చిన్న స్ఫటికం. గ్రెయిన్ సైజంటే మా దగ్గర మొదటినుంచీ చార్టు పద్ధతే. మైక్రోస్కోపును 100 రెట్లకు పెట్టి, కనబడినదాన్ని చార్టులోని బొమ్మలతో పోల్చి, దగ్గరగా ఉన్న నంబరు రాసేస్తాం. కాలేజీలో మెటలర్జీ చదివి వచ్చినదాన్ని కదా, ఈ కంటి లెక్క నాకు మొదటినుంచీ నచ్చలేదు. మైక్రోస్కోపుకు కెమెరా బిగించాక ఒకరోజు సార్‌ని అడిగి, ఫొటోల్లో కొలతలు తీసే ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. అమ్మకానికి ఉన్న ఇమేజ్ అనాలిసిస్ ప్యాకేజీలు మా ల్యాబ్ స్థోమతకు అందవు. ఇది పైసా ఖర్చు లేనిది. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో వేన్ రాస్‌బాండ్ అనే ఆయన 1997 నుంచి నడిపిన ప్రోగ్రాం. పుట్టింది జీవకణాలూ కణజాలాలూ చూసేవాళ్ల కోసం. కానీ మైక్రోస్కోపు కింద కణమైనా ఉక్కు గ్రెయినైనా దానికి ఒకటే, పిక్సెల్స్.

వచ్చిన శాంపిల్ 1.2 మిల్లీమీటర్ల కోల్డ్ రోల్డ్ ఉక్కు షీటు, అంటే వేడి చేయకుండా రోలర్ల మధ్య నొక్కి పలచన చేసినది. కస్టమర్ దాన్ని ప్రెస్సులో లోతుగా లాగి గిన్నెల్లాంటి పార్టులు చేస్తాడు. వాళ్ల డ్రాయింగులో గ్రెయిన్ సైజు 7 నుంచి 9 లోపు ఉండాలని రాసుంది. ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడే సంగతొకటి ఉంది: నంబరు పెరిగేకొద్దీ గ్రెయిన్ చిన్నదవుతుంది. 100 రెట్ల దగ్గర చదరపు అంగుళానికి ఎన్ని గ్రెయిన్లు పడతాయన్నది లెక్క. నంబరు ఒకటి పెరిగితే ఆ సంఖ్య రెట్టింపు. ఒకటో నంబరుకి ఒక్క గ్రెయిన్, ఎనిమిదికి 128. గ్రెయిన్లు మరీ పెద్దవైతే లాగిన పార్టు పైతలం బత్తాయి తొక్కలా గరుకు తేలుతుంది, పెయింటు వేసినా దాగదు. మరీ చిన్నవైతే షీటు బిగుసుకుపోయి సరిగ్గా సాగదు. గ్రెయిన్ చిన్నదయ్యేకొద్దీ ఉక్కు బలం పెరుగుతుందని 1951లో హాల్, 1953లో పెచ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. పరీక్షల కోసం బట్టీపట్టిన ఆ సూత్రం ఇక్కడ కాయిల్ (షీటు చుట్ట) ఉంచుకోవాలా, లారీ ఎక్కించి వెనక్కి పంపాలా అన్నది తేలుస్తుంది. నా 10.4 బయటికి వెళ్తే ఆ కాయిల్ వెనక్కే.

ఇక రెండు రోజులు నేనేం చేశానో చెప్తాను.

షీటు ముక్కను రోలింగ్ దిశ వెంబడి కోసి, అంచు పైకి కనబడేలా క్లిప్పుతో నిలబెట్టి, బేకలైట్ పొడి పోసి ప్రెస్సులో మౌంట్ చేశాం. తర్వాత ఎమరీ పేపర్లు: 220, 400, 600, 800, 1000. పేపరు మారినప్పుడల్లా శాంపిల్‌ని తొంభై డిగ్రీలు తిప్పాలి, ముందు పేపరు గీతలు పూర్తిగా పోయేదాకా రుద్దాలి. ఈ పని మా ల్యాబ్‌లో కాకాది. పాతికేళ్లుగా పాలిషింగ్ వీల్ దగ్గరే ఉన్న మనిషి. ఆ రోజు ఆయన సెలవు. నేనే చేశాను, గబగబా. వెల్వెట్ గుడ్డ మీద డైమండ్ పేస్ట్ 3 మైక్రాన్లు, తర్వాత 1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అద్దంలా మెరిసింది. రెండు శాతం నైటాల్‌లో, అంటే 98 పాళ్ల ఆల్కహాల్‌లో 2 పాళ్ల నైట్రిక్ ఆసిడ్‌లో, పదిహేను సెకన్లు ముంచి తీసి, కడిగి, ఆల్కహాల్ చల్లి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాను. (మెటలర్జీ ల్యాబ్‌లో హెయిర్ డ్రయ్యర్ ఎందుకని మా అమ్మ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.)

ఇలా ఆసిడ్‌తో కొరికించడాన్నే ఎచింగ్ అంటాం. ఆసిడ్ గ్రెయిన్ల లోపలికంటే వాటి సరిహద్దులను ఎక్కువగా తింటుంది. అక్కడ సన్నని కాలువల్లా పడతాయి. వెలుగు ఆ కాలువల్లోంచి తిరిగి లెన్స్‌లోకి రాదు కాబట్టి నల్లగా కనబడతాయి. వేసవిలో చెరువు ఎండితే అడుగు మట్టి ఎలా బీటలు వారుతుందో అచ్చం అలాగే. 20ఎక్స్ లెన్స్ పెట్టి అయిదు చోట్ల ఫొటోలు తీశాను.

స్కేలు కోసం స్టేజ్ మైక్రోమీటర్ ఫొటో తీశాను. ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసి గీతలు గీసిన గాజు పలక అది, గీతకూ గీతకూ మధ్య 10 మైక్రాన్లు. ఫొటోలో యాభై గీతల దూరం, అంటే 500 మైక్రాన్లు, 2270 పిక్సెల్స్ వచ్చింది. మైక్రానుకు 4.54 పిక్సెల్స్ అన్నమాట. 'సెట్ స్కేల్'లో ఆ అంకె వేసి, కింద 'గ్లోబల్' అన్న గడిలో టిక్కు పెట్టాను, ప్రతి ఫొటోకీ మళ్లీ మళ్లీ ఇవ్వనక్కర్లేకుండా. తర్వాత థ్రెషోల్డ్, అంటే నలుపు తెలుపులకు మధ్య హద్దు, పెట్టి తెల్లవి గ్రెయిన్లు, నల్లవి సరిహద్దులు అని విడదీసి, 'అనలైజ్ పార్టికల్స్' నొక్కాను. అంచుకు తగిలినవి వదిలేయమన్నాను. క్షణంలో వందల గ్రెయిన్ల వైశాల్యాలు వరసగా వచ్చిపడ్డాయి. వాటి సగటు నుంచి గ్రెయిన్ సైజు తీస్తే 10.4. ప్రాణం లేచొచ్చింది.

టీ తాగొచ్చి సార్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తప్పు వెతుకుతారనుకున్నాను. అలా చేయలేదు. "ఈ ఫొటో వెడల్పు ఎంతుందో చెప్పు" అన్నారు, అంతే. ఇమేజ్‌జేలో ఫొటో తెరిస్తే పైన సన్న అక్షరాల్లో దాని కొలతలు ఉంటాయి. అక్కడ 285 మైక్రాన్లు అని ఉంది. "మరి నువ్వు ఇదే లెన్స్‌తో తీసిన స్టేజ్ మైక్రోమీటర్ ఫొటోలో అర మిల్లీమీటరు పట్టి ఇంకా చోటు మిగిలింది కదా?"

నేను ఆ ఫొటో తెరిచి చూశాను. 570 మైక్రాన్లు.

అదే లెన్స్, అదే కెమెరా, అదే మనిషి. ఒక ఫొటోలో 570, ఇంకోదాంట్లో 285. విషయం తెలియడానికి పది నిమిషాలు పట్టింది. స్టేజ్ మైక్రోమీటర్ ఫొటో కెమెరా పూర్తి సైజులో, 2592 పిక్సెల్స్ వెడల్పుతో సేవ్ అయింది. గ్రెయిన్ల ఫొటోలు తీసేటప్పుడు కెమెరా ప్రోగ్రాం ప్రివ్యూ సైజులోకి, 1296కి మారిపోయి ఉంది. కనబడే చోటు రెంటిలోనూ ఒకటే, పిక్సెల్స్ మాత్రం సగం. నేను టిక్కు పెట్టిన ఆ 'గ్లోబల్' గడి పెద్ద ఫొటో కొలతను నమ్మకంగా తెచ్చి చిన్న ఫొటోలకు అంటించింది. మైక్రానుకు 2.27 పిక్సెల్స్ ఉండాల్సిన చోట 4.54. ప్రతి గ్రెయిన్ పొడవులో సగం, వైశాల్యంలో పావు అయిపోయింది. పొడవు సగమైతే గ్రెయిన్ సైజు నంబరు కచ్చితంగా రెండు పెరుగుతుంది.

10.4 లోంచి రెండు తీసేస్తే 8.4. సార్ కంటి లెక్క ఎనిమిది.

ఆయన గెలిచినట్టు నవ్వలేదు. "హార్డ్‌నెస్ చూసినప్పుడే అనుమానం రావాలమ్మా. ఇంత మెత్తని షీటులో పది నంబరు గ్రెయిన్ ఎక్కడుంటుంది?" అన్నారు. హార్డ్‌నెస్ తీసింది కూడా నేనే. రెండూ వేరే వేరే కాగితాల మీద రాశాను, పక్కపక్కన పెట్టి చూడలేదు.

మర్నాడు కాకా వచ్చారు. నా స్క్రీన్ మీద, సాఫ్ట్‌వేర్ గుర్తించిన సరిహద్దులు ఎర్రగా గీసిన ఫొటో ఉంది. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, స్క్రీన్‌కి మొహం ఆనించినంత దగ్గరగా వంగి, వేలు పెట్టి చూపించారు.

"గిదేంది బిడ్డా?"

"సరిహద్దు కాకా."

"సరిహద్దు గాదు, గీత. వెయ్యి పేపర్ గీత. గ్రెయిను ఎన్నడన్న గింత సక్కగ ఉంటదా?"

చూస్తే నిజమే. ఫొటోకి ఈ మూల నుంచి ఆ మూలకి తాడు బిగించినట్టు సన్నని నల్ల గీత, తొమ్మిది గ్రెయిన్లను నిలువునా కోసుకుంటూ పోయింది. సాఫ్ట్‌వేర్ ఆ తొమ్మిదింటినీ పద్దెనిమిదిగా లెక్కేసింది. అలాంటి గీతలు ఆ ఒక్క ఫొటోలో నాలుగు. పాలిష్ చేసినప్పుడు నా కంటికి అద్దంలా మెరిసినదే అది. నైటాల్ పడగానే గీత కూడా సరిహద్దులాగే నల్లబడింది.

కాకా శాంపిల్ పట్టుకుపోయారు. నేను చేసినట్టు ఒక్కసారి కాదు, పాలిష్ చేసి, పలచగా ఎచ్ చేసి, మళ్లీ పాలిష్ చేసి, మళ్లీ ఎచ్ చేసి, అలా మూడుసార్లు. పాలిషింగ్‌లో పైపొర కొంత నలిగి పులుముకుంటుందనీ, ఒక్కసారి ఎచ్ చేస్తే ఆ పులుముడే కనబడుతుందనీ నేను పుస్తకంలో చదివాను. ఆయన చదవలేదు. "మొదటిసారి కనవడేది తోలు" అంటారు, అంతే.

గీతలు పోయాయి. కానీ కొత్త ఫొటోల్లో రెండో రకం ఇబ్బంది తేలింది. గ్రెయిన్లన్నీ ఒక్కలా కొరుకుడు పడవు. పక్కపక్క గ్రెయిన్ల స్ఫటిక దిశలు దగ్గరదగ్గరగా ఉంటే మధ్య సరిహద్దు పలచగా, తెగి తెగి కనబడుతుంది. అలా ఒక చిన్న ఖాళీ మిగిలితే చాలు, థ్రెషోల్డ్‌కి ఆ రెండూ ఒకటే గ్రెయిన్. ఒక ఫొటోలో అయిదు గ్రెయిన్లు కలిసిపోయి, పటంలో పాత తూర్పుగోదావరి జిల్లాలా ఒక పెద్ద మచ్చ తయారైంది. అదే ఫొటోలో సరిహద్దుల వెంబడి ఉన్న చిన్న చిన్న కార్బైడ్ (ఇనుమూ కార్బనూ కలిసిన పదార్థం) చుక్కలు తెల్లని నడుమతో కనబడి, ఒక్కోటీ ఒక్కో బుల్లి గ్రెయిన్‌గా లెక్కలో చేరాయి. అతుక్కుపోయినవి సగటును పెంచుతాయి, బుల్లివి దించుతాయి. ఆ ఫొటోకి అంకె సరిగ్గా 8.0 వచ్చింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని వచ్చిన 8.0 అది. అంకె ఒక్కటే చూసి సంబరపడి ఉంటే అక్కడే ఆగిపోయేదాన్ని.

ఇంకా రెండు తప్పులు నా సెట్టింగుల్లోనే ఉన్నాయి. అంచుకు తగిలిన గ్రెయిన్లను వదిలేయమన్నాను కదా, న్యాయంగానే అనిపించింది, సగం తెగినదాని వైశాల్యం ఎలా లెక్కేస్తాం అని. కానీ అంచుకు తగిలే అవకాశం పెద్ద గ్రెయిన్‌కే ఎక్కువ. అంచువి తీసేస్తే పెద్దవాటినే ఎక్కువగా తీసేస్తున్నట్టు. ఇంకొకటి, సరిహద్దు గీతకు మందం ఉంది. నిజానికి సరిహద్దు కొన్ని పరమాణువుల మందమే. ఎచింగ్ దాన్ని తవ్వి మైక్రాను పైన వెడల్పు చేస్తుంది. ఆ వెడల్పంతా గ్రెయిన్ల వైశాల్యంలోంచి కోత పడుతుంది. ఇరవై మైక్రాన్ల గ్రెయిన్‌కి ఇదేమీ చిన్న కోత కాదు, వైశాల్యంలో పదోవంతు దాకా పోతుంది.

దాంతో విసుగెత్తి, ఒక పూట సాఫ్ట్‌వేర్ ఆటోమేటిక్‌గా చేసేవన్నీ పక్కన పెట్టి, చేత్తోనే లెక్కపెడదామని కూర్చున్నాను. గ్రెయిన్ సైజు కొలవడానికి ఉన్న అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం ఇ112లోని మూడు వృత్తాల పద్ధతి. ఒకే కేంద్రం చుట్టూ మూడు వృత్తాలు గీసి, వాటి గీతను గ్రెయిన్ సరిహద్దులు ఎన్నిచోట్ల దాటుతున్నాయో లెక్కపెట్టడం. గీత పొడవును ఆ సంఖ్యతో భాగిస్తే సగటు దూరం వస్తుంది.  తిన్నని గీతలు కాకుండా వృత్తాలెందుకంటే, రోల్ చేసిన షీటులో గ్రెయిన్లు ఆ దిశలో కొంచెం సాగి ఉంటాయి. ఇంగ్లీషు పుస్తకాలు పాన్‌కేక్ అంటాయి, మన అట్టే అనుకోండి. గీతను అట్టు పొడుగున గీస్తే ఒక అంకె, అడ్డంగా గీస్తే ఇంకో అంకె. వృత్తం అన్ని దిశలనూ తాకి వస్తుంది.

పెద్ద వృత్తం వ్యాసం 400 మైక్రాన్లు పెట్టాను, మిగతావి దానిలో మూడింట రెండు వంతులూ, మూడో వంతూ. మూడూ కలిపి గీత పొడవు సుమారు 2513 మైక్రాన్లు. మల్టీ-పాయింట్ టూల్‌తో దాటిన ప్రతిచోటా ఒక చుక్క. మూడు గ్రెయిన్లు కలిసే మూల మీదుగా వృత్తం పోతే ఒకటి కాదు, రెండు. మొదటి ఫొటోకి నలభై నిమిషాలు పట్టింది. అయిదోదానికి పన్నెండు. 118, 131, 122, 109, 127. మొత్తం 607. అయిదు ఫొటోల గీతను 607తో భాగిస్తే 20.7 మైక్రాన్లు. గ్రెయిన్ సైజు 7.9. అయిదు లెక్కల మధ్య తేడాను బట్టి లెక్కించిన సాపేక్ష కచ్చితత్వం తొమ్మిది శాతం లోపే ఉంది. పది లోపుంటే చాలంటుంది ఆ ప్రమాణం.

నమ్మకం కుదరక ఒక ఫొటోలో గ్రెయిన్లనే లెక్కపెట్టాను. పూర్తిగా లోపలున్నవి 403. అంచున తెగినవి 98, వాటిలో సగం 49. నాలుగు మూలలకూ కలిపి ఒకటి. మొత్తం 453. ఫొటో వైశాల్యంతో భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు 1850 పైచిలుకు. మళ్లీ 7.9. అంచు గ్రెయిన్లను పారేయక, సగం చొప్పున కలుపుకుంటే చాలన్నమాట. ఈ ఉపాయం వందేళ్ల కిందటే జెఫ్రీస్ అనే లోహశాస్త్రజ్ఞుడు చెప్పాడు.

7.9 అని రాసి తీసుకెళ్తే సార్ సంతకం పెడుతూ, "అర నిమిషంలో చెప్పానుగా" అన్నారు. ఈసారి మాత్రం నవ్వారు. ఒప్పుకుంటాను. కానీ చార్టు చూసేవాళ్లు ఇద్దరుంటే ఒక నంబరు అటూ ఇటూ అవడం మామూలే. షీటు సరిగ్గా 9 దగ్గర ఉండి ఉంటే అర నిమిషం చూపు చాలేది కాదు. ఆ మాట కూడా ఆయనకు చెప్పాను. "చాలేది కాదు" అని ఒప్పుకున్నారు.

ఆటోమేటిక్ పద్ధతిని వదిలేయలేదు. ఫిజీలో, అంటే చాలా ప్లగిన్లు (అదనపు పనిముట్లు) కలిపి ఇచ్చే ఇమేజ్‌జేలో, మార్ఫోలిబ్‌జే అనే ప్లగిన్ వేసుకోవచ్చు. ఫొటోను కొండలూ లోయలుగా అనుకుని నీళ్లు పోసినట్టు నింపుకుంటూ వచ్చి, రెండు చెరువులు కలవబోయే చోట గట్టు వేస్తుంది. తెగిపోయిన సరిహద్దుల్ని కూడా చాలావరకు పూడుస్తుంది. గట్టు ఒక్క పిక్సెల్ మందమే కాబట్టి వైశాల్యం కోత కూడా తగ్గింది. 'టోలరెన్స్' అనే ఒక అంకె మీద నడుస్తుంది అంతా. తక్కువ పెడితే ఒక గ్రెయిన్‌ని నాలుగు ముక్కలు చేస్తుంది, ఎక్కువ పెడితే రెంటిని కలిపేస్తుంది. నేను చేత్తో లెక్కపెట్టిన ఫొటోను పక్కన పెట్టుకుని, ఆ అంకెను జరుపుతూ సరిచూసుకున్నాను. ఇదే స్టీలు, ఇదే ఎచింగ్, ఇదే లెన్స్ అయితే ఇప్పుడు అయిదు ఫొటోలకు అయిదు నిమిషాలు. స్టీలు మారితే మళ్లీ మొదటి ఫొటో చేత్తోనే.

ఇంకో తిప్పలుంది, కస్టమర్లతో. ఎనిమిది నంబరు గ్రెయిన్‌కి సగటు గీత దూరం 20 మైక్రాన్లు, వైశాల్యం నుంచి తీసిన వ్యాసం 22.5. రెండూ ఒకే గ్రెయిన్ సైజు. "మీ రిపోర్టులో 20 ఉంది, వాళ్లదాంట్లో 22.5 ఉంది, ఎవరిది తప్పు?" అని ఫోన్లు వస్తాయి. అందుకే ఇప్పుడు మైక్రాన్లు రాసినప్పుడల్లా ఏ పద్ధతో కూడా రాస్తున్నాను.

పోయిన నెల 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కొకటి వచ్చింది. ఆక్జాలిక్ ఆసిడ్‌లో కరెంటు పెట్టి ఎచ్ చేసి స్క్రీన్ మీద వేశాను. గ్రెయిన్ల నిండా జంటలు జంటలుగా, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని గీతలు. కాకా ఎప్పటిలా చేతులు తుడుచుకుంటూ వచ్చారు. మొహం మాడ్చుకుని, "ఎవరు పాలిష్ జేసిన్రు దీన్ని?" అన్నారు.

"మీరే కాకా. గీతలు కావవి, ట్విన్లు. గ్రెయిన్ లోపలే స్ఫటికం అద్దంలో చూసినట్టు తిరగబడి పెరిగితే వస్తాయి. ఎంత పాలిష్ చేసినా పోవు."

"మరి లెక్కపెడ్తవా?"

"లేదు. ట్విన్లను లెక్కలో వేయకూడదు."

ఆయన ఇంకాసేపు స్క్రీన్‌కి ఆనుకుని చూశారు. ఒక గీత మీద వేలు పెట్టి దాని వెంట నడిపించారు. అది గ్రెయిన్ సరిహద్దు దగ్గర టక్కున ఆగిపోయింది. "పేపర్ గీతయితే గీడ ఆగది, అవుతలికి పోతది" అన్నారు, తనలో తాను. తర్వాత రెండోదాని మీద వేలు పెట్టారు. అది ఆగలేదు. ఈ గ్రెయిన్‌లోంచి పక్కదాంట్లోకి, అక్కడినుంచి ఇంకోదాంట్లోకి పోయింది.

"గిది మాత్రం నాదే" అని శాంపిల్ పట్టుకుని వీల్ దగ్గరికి వెళ్లిపోయారు.